ఎముకల వంకరను సరిచేసే ఆపరేషన్: కంప్యూటర్ ప్లానింగ్ అంటే ఏమిటి? ఇంట్లోవాళ్ళు చేయవలసిందేమిటి?

"మీ పాప కాలి వంకరను ఆపరేషన్‌తో సరిచేయవచ్చు. కానీ ముందు కంప్యూటర్‌లో ప్లానింగ్ చేయాలి. అందుకు ఇంకో ఎక్స్‌రే, ఒక సి.టి. స్కాన్ కావాలి." డాక్టరుగారు ఈ మాట చెప్పి పంపించాక ఇంట్లో చర్చ మొదలవుతుంది. మొన్ననే ఎక్స్‌రే తీశారు కదా, మళ్ళీ ఎందుకు? ఆపరేషన్ డాక్టరు చేస్తారా, కంప్యూటర్ చేస్తుందా? ఇదంతా ఖర్చు పెంచడానికేనా? వెలిమెల, కొల్లూరు, పటాన్‌చెరు, ఇస్నాపూర్ వైపు నుండి వచ్చే కుటుంబాలవారు అడిగే ప్రశ్నలు ఇవే. అడగవలసిన ప్రశ్నలే. ఓపీలో పది నిమిషాల్లో వీటన్నిటికీ జవాబు చెప్పడం కుదరదు కనుక ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాం.

ముందుగా ఒక మాట. కంప్యూటర్ ఆపరేషన్ చేయదు. ఎముక ఎక్కడ వంగింది, ఎంత వంగింది, ఎక్కడ కోసి ఎంత తిప్పితే సరి అవుతుంది అనే లెక్కను, డాక్టరుగారు కత్తి పట్టకముందే తేల్చుకోవడానికి అది ఉపయోగపడుతుంది. ఆ లెక్క సరిగ్గా రావడానికీ, వచ్చిన లెక్క బిడ్డ కాలి మీద అమలు కావడానికీ చాలా పని మీ చేతుల్లోనే ఉంటుంది. ఆ సంగతి తెలియకే కొన్ని కుటుంబాలు మంచి ఆపరేషన్ ఫలితాన్ని కూడా పోగొట్టుకుంటున్నాయి.

అన్ని వంకరలకూ ఆపరేషన్ అక్కర్లేదు

పసిబిడ్డల కాళ్ళు విల్లులాగా బయటికి వంగి ఉండడం సహజం. నడక నేర్చుకుని రెండేళ్ళు నిండేసరికి నిటారుగా అవుతాయి. తరువాత మూడు, నాలుగేళ్ళ వయసులో మోకాళ్ళు రెండూ ఒకదానికొకటి తగులుతూ, పాదాలు దూరంగా ఉంటాయి. అది కూడా సహజమే. ఏడేళ్ళు వచ్చేసరికి చాలామంది పిల్లల్లో ఇది దానంతటదే సర్దుకుంటుంది. నూనె మర్దన చేసినందువల్ల తగ్గిందని అమ్మమ్మలు అంటారు. మర్దన వల్ల నష్టం లేదు గానీ, తగ్గించింది మాత్రం ఎదుగుదలే.

అయితే వంకర ఒక కాలికే ఉన్నా, ఏడేళ్ళు దాటాక పెరుగుతూ పోతున్నా, బిడ్డ తోటి పిల్లలకంటే బాగా పొట్టిగా ఉన్నా, నొప్పి అంటున్నా, కుంటుతున్నా ఆలస్యం చేయకుండా చూపించాలి. విటమిన్ డి లోపం వల్ల వచ్చే రికెట్స్ జబ్బులో ఎముకలు మెత్తబడి బరువుకు వంగుతాయి. ఇందులో ముందు రక్తపరీక్షలు చేసి కాల్షియం, ఫాస్ఫరస్, విటమిన్ డి సంగతి చూస్తారు. చిన్నపిల్లల్లో మందులతోనే చాలా వంకర తగ్గిపోతుంది. జబ్బును అదుపులోకి తేకుండా ఎముక కోస్తే, మళ్ళీ వంగుతుంది. అందుకే డాక్టరుగారు "ఆరు నెలలు మందులు వాడి రండి" అంటే ఆపరేషన్ తప్పించుకుంటున్నారని అనుకోకండి.

మన ప్రాంతంలో ఎక్కువగా కనిపించే మరో కారణం విరిగిన ఎముక వంకరగా అతుక్కోవడం. ముంబయి జాతీయ రహదారి మీద బైకు ప్రమాదాలు, కంపెనీల్లో ఎత్తు నుండి పడడాలు, మిషన్‌లో చేయి పడడాలు మనకు కొత్త కాదు. విరిగిన వెంటనే ఎక్స్‌రే కూడా లేకుండా కట్టు కట్టించుకుని, మూడు నెలల తరువాత కాలు పొట్టిగా, పక్కకు తిరిగి ఉందని వచ్చేవారున్నారు. కట్టు కట్టే పెద్దల మీద మాకు కోపం లేదు. తరతరాలుగా జనానికి వారి మీద నమ్మకం ఉంది. కానీ లోపల ఎముక ముక్కలు ఏ తీరులో ఉన్నాయో చేతితో తడిమి పూర్తిగా తెలుసుకోలేం. అదే విధంగా, పిల్లల్లో ఎముక చివర ఎదిగే భాగానికి దెబ్బ తగిలితే, ఆ వైపు ఎదుగుదల ఆగిపోయి రెండో వైపు మాత్రం ఎదుగుతూ ఉంటుంది. అలా ఏటేటా వంకర పెరుగుతుంది.

ఇక గ్రహణం రోజు తల్లి కడుపుతో ఉండి కూరగాయలు తరగడం వల్ల, లేదా పెద్దలు చేసిన పాపం వల్ల బిడ్డ కాలు వంకర పోయిందని అనేవారు ఇప్పటికీ ఉన్నారు. ఆ మాటలు విని కుమిలిపోయే తల్లులను మేము చూస్తుంటాం. అమ్మా, అది నిజం కాదు. మీరు చేసిన తప్పు ఏమీ లేదు.

నల్గొండ నేర్పిన పాఠం

మన రాష్ట్రంలో ఎముకల వంకర అనగానే గుర్తుకు వచ్చేది నల్గొండ. తాగేనీటిలో ఫ్లోరైడ్ ఎక్కువగా ఉండడం వల్ల ఎముకలు దెబ్బతినే ఫ్లోరోసిస్ జబ్బును మన దేశంలో తొలిసారిగా వివరంగా నమోదు చేసింది తెలుగు ప్రాంతంలోనే. 1937లో షార్ట్, పండిట్, రాఘవాచారి అనే పరిశోధకులు నెల్లూరు జిల్లాలో చూసినదాన్ని ఒక వైద్య పత్రికలో రాశారు. తరువాత 1973లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన డాక్టర్ కృష్ణమాచారి, డాక్టర్ కమలా కృష్ణస్వామి మరో సంగతి బయటపెట్టారు. ఫ్లోరైడ్ ఉన్న ఊళ్ళలో ఎదిగే వయసు పిల్లల మోకాళ్ళు లోపలికి వంగి ఒకదానికొకటి తగులుతున్నాయని, ఎముకలు కూడా పలచబడుతున్నాయని వారు లాన్సెట్ అనే ప్రసిద్ధ వైద్య పత్రికలో తెలిపారు. తిండిలో కాల్షియం చాలనప్పుడు ఫ్లోరైడ్ చేసే హాని మరీ ఎక్కువగా ఉంటుంది. పటిక, సున్నం కలిపి నీటిలోని ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ 1970లలో రూపొందించింది. దానికి ప్రపంచమంతటా నల్గొండ పద్ధతి అనే పేరే ఉంది.

ఈ కథ ఇక్కడ ఎందుకంటే, నీరు మారితే కొత్తగా జబ్బు రాకుండా ఆగుతుంది గానీ వంగిన ఎముక వెనక్కి రాదు. దాన్ని సరిచేయాలంటే ఆపరేషనే దారి. బోరు నీరు తాగే ఇళ్ళలో పరీక్ష చేయించుకోవడం మంచిది. లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదని, వేరే నీరు దొరకని చోట 1.5 వరకు మాత్రమే పర్వాలేదని మన దేశపు ప్రమాణం. నీటిని మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరైపోయి ఇంకాస్త చిక్కబడుతుంది.

ఫ్లోరోసిస్, రికెట్స్ వంటి జబ్బుల్లో రెండు కాళ్ళూ వంగుతాయి. పైగా ఒకే చోట కాదు. తొడ ఎముకలో కొంత, కింది ఎముకలో కొంత వంగి, పైగా మెలి కూడా తిరిగి ఉంటుంది. కంటితో చూసి అంచనా వేసి కోస్తే ఒక వంకర పోయి మరో వంకర మిగలవచ్చు. ముందు ప్రణాళిక ఎందుకో అర్థం కావడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు.

ఆ పొడవాటి ఎక్స్‌రే ఎందుకు?

మీరు తెచ్చిన పాత ఎక్స్‌రేలో మోకాలు మాత్రమే ఉంటుంది. బిడ్డ పడుకుని ఉండగా తీసి ఉంటారు. ప్లానింగుకు అది చాలదు. తుంటి నుండి చీలమండ వరకు కాలు మొత్తం, రెండు కాళ్ళూ, నిలబడి ఉండగా ఒకే చిత్రంలో కావాలి. ఎందుకంటే బరువు మోసేటప్పుడు కాలు ఎలా ఉందన్నదే అసలు సంగతి.

మేస్త్రి గోడ కడుతూ దారానికి గుండు కట్టి వేలాడదీస్తాడు కదా. గోడ నిటారుగా ఉందో లేదో కన్ను చెప్పలేనిది ఆ దారం చెబుతుంది. డాక్టరుగారు కూడా తుంటి బంతి మధ్య నుండి చీలమండ మధ్యకు ఒక గీత గీస్తారు. మామూలు కాలిలో ఆ గీత మోకాలి మధ్యకు కాస్త లోపలి వైపుగా వెళుతుంది. మోకాళ్ళు తగులుతూ ఉన్న బిడ్డలో గీత మోకాలికి బయటి వైపున పడుతుంది. విల్లులాంటి కాలిలో బాగా లోపలికి పడుతుంది. గీత ఎటు పడితే అటువైపు కీలు మీద బరువంతా పడి, ఏళ్ళు గడిచేకొద్దీ మృదులాస్థి అరిగిపోతుంది. కాబట్టి ఈ ఆపరేషన్‌ను అందం కోసం చేసేదిగా, పెళ్ళి సంబంధాల కోసం చేసేదిగా మాత్రమే చూడకండి. నలభై ఏళ్ళకే మోకాళ్ళు అరగకుండా కాపాడడం ఇందులోని ముఖ్య ఉద్దేశం.

ఎక్స్‌రే తీసేటప్పుడు టెక్నీషియన్ బిడ్డ పాదాలను కాదు, మోకాలి చిప్పలను చూస్తూ "ఇటు తిరుగు, అటు తిరుగు" అంటారు. విసుక్కోకండి. చిప్ప నేరుగా ముందుకు చూడాలి. కాలు కొద్దిగా పక్కకు తిరిగినా లేని వంకర ఉన్నట్టు, ఉన్న వంకర లేనట్టు కనిపిస్తుంది. కాలి పక్కన ఒక చిన్న లోహపు గుండును పెట్టడం కూడా చూస్తారు. దాని అసలు కొలత ముందే తెలుసు. ఎక్స్‌రేలో ప్రతిదీ కొంచెం పెద్దదిగా పడుతుంది కాబట్టి, గుండు ఎంత పెద్దదిగా కనిపించిందో చూసి ఎముక అసలు కొలతను కంప్యూటర్ తేలుస్తుంది. ఒక కాలు పొట్టిగా ఉంటే దాని కింద చెక్కలు పెట్టి నడుమును సమంగా చేస్తారు.

సి.టి. స్కాన్ అందరికీ అవసరం ఉండదు. ఎముక మెలి తిరిగి ఉందని అనుమానం ఉన్నప్పుడు, లేక వంకర చాలా చిక్కుగా ఉన్నప్పుడు అడుగుతారు. ఎక్స్‌రే నీడలాంటిది, మెలి అందులో సరిగ్గా కనిపించదు. 1971లో లండన్‌లో తొలిసారి రోగికి వాడిన ఈ సి.టి. స్కాన్ శరీరాన్ని పలుచని ముక్కలుగా కోసినట్టు చూపిస్తుంది. ఆ చిత్రాలన్నీ పేర్చి కంప్యూటర్ ఎముకను ముప్పావు, పావు అని కాకుండా చుట్టూ తిప్పి చూడగలిగేలా నిలబెడుతుంది. ఇందులో కిరణాలు ఎక్కువ కనుక పిల్లలకు అవసరమైన మేరకే తీయిస్తారు. గర్భంతో ఉన్న తల్లి బిడ్డను పట్టుకుని ఎక్స్‌రే గదిలో నిలబడకూడదు. వేరేవారిని పంపండి.

కోయకముందే కోసి చూడడం

ఇప్పుడు అసలు ప్లానింగ్. మోకాలి దగ్గర తొడ ఎముక, కింది ఎముక కీలుతో చేసే కోణాలు మామూలు మనిషిలో దాదాపు 87, 88 డిగ్రీలు ఉంటాయి. మీ బిడ్డ కోణాలు ఎంతున్నాయో కొలిచి, తేడా ఏ ఎముకలో ఉందో తేలుస్తారు. ఒక కాలు మంచిదైతే కంప్యూటర్ దాన్ని అద్దంలో చూపినట్టు తిప్పి, వంకర కాలి మీద పెట్టి పోల్చుతుంది. రెండూ వంకరైతే ఈ మామూలు కోణాలే ఆధారం.

తరువాతి ప్రశ్న ఎక్కడ కోయాలి అన్నది. వంగిన ఇనుప పైపును తీసుకోండి. పై భాగం మధ్యగా ఒక గీత, కింది భాగం మధ్యగా ఒక గీత గీస్తే రెండూ కలిసే చోటే వంపు కేంద్రం. సరిగ్గా అక్కడ కోసి తిప్పితే పైపు తిన్నగా వస్తుంది. దూరంగా కోసి అంతే తిప్పితే కోణం సరిపోయినట్టు కనిపించినా, పైపు మెట్టులాగా పక్కకు జరిగి ఉంటుంది. ఎముకా అంతే. కొన్నిసార్లు వంపు కేంద్రం సరిగ్గా కీలు దగ్గరో, పిల్లల్లో ఎదిగే భాగం దగ్గరో పడుతుంది. అక్కడ కోయలేరు. అప్పుడు ఇంకో చోట కోసి, జరగవలసినంత ఎముకను పక్కకు కూడా జరపాలి. ఎంత జరపాలన్నది చేతి లెక్కతో కూడా చేయవచ్చు, పూర్వం కాగితం మీద ఎక్స్‌రే గీసి, కత్తెరతో కత్తిరించి, అతికించి చూసేవారు. మంచి పద్ధతే. కానీ వంకర, మెలి, పొట్టి మూడూ కలిసినప్పుడు కాగితం సరిపోదు.

లెక్కలో చిన్న తేడా ఎంత పని చేస్తుందో చూడండి. ఎముకను ఒక వైపు కోసి, చీలికలాగా తెరిచి నిటారుగా చేసే పద్ధతి ఒకటి ఉంది. ఒక డిగ్రీకి ఒక మిల్లీమీటరు తెరవాలన్నది పాత మోటు లెక్క. ఎముక వెడల్పు సుమారు 57 మిల్లీమీటర్లు ఉంటే అది సరిగ్గా సరిపోతుంది. పెద్ద మనిషిలో వెడల్పు 70 మిల్లీమీటర్లు ఉందనుకోండి. 10 డిగ్రీలు సరిచేయడానికి 12 మిల్లీమీటర్లకు పైగా తెరవాలి. మోటు లెక్కతో 10 మాత్రమే తెరిస్తే 8 డిగ్రీలే సరి అవుతుంది. రెండు డిగ్రీలు మిగిలిపోయాయి. ఇంత కష్టపడి, ఇన్ని నెలలు మంచం మీద ఉండి, పని సగంలో ఆగినట్టే.

పటాన్‌చెరు పారిశ్రామికవాడలోనో, రామచంద్రాపురం బీహెచ్ఈఎల్‌లోనో పనిచేసేవారికి తరువాతి సంగతి సులభంగా అర్థమవుతుంది. డ్రాయింగ్ ఎంత బాగున్నా, డ్రిల్ సరిగ్గా ఆ చోటే దిగాలంటే జిగ్ కావాలి కదా. అలాగే కొన్ని ఆసుపత్రుల్లో కంప్యూటర్‌లోని ఎముక ఆకారానికి సరిగ్గా అతుక్కునేలా ఒక చిన్న ప్లాస్టిక్ జిగ్‌ను త్రీడీ ప్రింటర్‌లో తయారు చేస్తారు. దానిలోని సందులోంచే రంపం పోతుంది, రంధ్రాల్లోంచే డ్రిల్ పోతుంది. ఇది ఆ ఒక్క రోగికే పనికి వస్తుంది. అందరికీ ఇది అవసరం కాదు. జిగ్ లేకుండా కూడా ఆపరేషన్ థియేటర్‌లోనే ఎక్స్‌రే తెర మీద చూసుకుంటూ చక్కగా చేసే సర్జన్లున్నారు. "ఫలానా చోట త్రీడీ ఉందట, మీ దగ్గర లేదా" అని అడిగేముందు మీ బిడ్డ వంకరకు అది కావాలా అని అడగండి.

ఇంజనీరింగు, ఎముకల వైద్యం చేయి కలపడం మన నగరానికి కొత్తేమీ కాదు. అబ్దుల్ కలాంగారు హైదరాబాదులో క్షిపణుల ప్రయోగశాలలో పనిచేస్తున్న రోజుల్లో, నిమ్స్ ఆసుపత్రి ఎముకల డాక్టరుగారి వెంట వెళ్ళి, మూడు కిలోలకు పైగా బరువున్న ఇనుప కాలిపర్లను ఈడ్చుకుంటూ నడిచే పిల్లలను చూశారు. క్షిపణులకు వాడే తేలికపాటి పదార్థంతో 300 గ్రాముల కాలిపర్లు చేయించారు. ఆ సంగతిని ఆయన తరువాత ఎన్నో సభల్లో చెప్పుకున్నారు.

ఆరు కడ్డీల ఫ్రేమ్

వంకర చాలా ఎక్కువగా ఉన్నా, కాలు పొట్టిగా ఉన్నా ఒక్కసారిగా నిటారు చేయడం ప్రమాదం. ముఖ్యంగా లోపలికి వంగిన మోకాలిని ఒక్కసారిగా తిన్నగా చేస్తే, మోకాలి బయటి వైపున ఉండే నరం లాగబడి, పాదం పైకి ఎత్తలేని పరిస్థితి రావచ్చు. అందుకే మెల్లగా సరిచేస్తారు. ఈ దారి చూపినవారు సైబీరియాలోని కుర్గాన్ పట్టణపు సర్జన్ ఇలిజారోవ్. 1950లలోనే ఆయన కాలి చుట్టూ ఉంగరాలు, సన్నని తీగలు బిగించి, కోసిన ఎముకను రోజుకు ఒక మిల్లీమీటరు చొప్పున జరిపితే మధ్యలో కొత్త ఎముక పుడుతుందని గమనించారు. ఆ ఒక్క మిల్లీమీటరునూ ఒకేసారి కాక పావు చొప్పున నాలుగుసార్లుగా జరపాలి. పశ్చిమ దేశాలకు ఈ సంగతి 1980 తరువాతే బాగా తెలిసింది.

1990లలో అమెరికాలోని టేలర్ సోదరులు ఆ ఉంగరాల మధ్య ఆరు కడ్డీలు ఏటవాలుగా అమర్చారు. పైలట్ల శిక్షణకు వాడే నకిలీ విమానపు గది కూడా ఇలాంటి ఆరు కాళ్ళ మీదే ఊగుతుంది. ఏ కడ్డీని ఎంత పొడిగిస్తే, ఎంత తగ్గిస్తే ఎముక ఎటు కదులుతుందో మనిషి బుర్రకు అందదు. కంప్యూటర్ లెక్క కట్టి రోజువారీ పట్టిక ఇస్తుంది. ఫలానా తేదీన ఒకటో కడ్డీ ఇంత, రెండో కడ్డీ ఇంత అని. ఆ పట్టిక కాగితాన్ని మీ చేతికే ఇస్తారు. కడ్డీల అంకెలు తిప్పేది మీరే.

ఇక్కడే మా విన్నపం. ఇంట్లో ఎవరు తిప్పుతారో డిశ్చార్జికి ముందే తేల్చుకోండి. తండ్రిది కంపెనీలో షిఫ్టు డ్యూటీ అయితే, ఆ బాధ్యత ఇంకొకరికి కూడా నేర్పించాలి. వార్డులో సిస్టర్‌గారి ఎదుట ఇద్దరూ తిప్పి చూపించాకే ఇంటికి వెళ్ళండి. తిప్పిన వెంటనే పట్టికలో టిక్కు పెట్టండి. లేకపోతే "పొద్దున నువ్వు తిప్పావా, నేను తిప్పానా" అనే గొడవ వస్తుంది. ఒక పూట మరిచిపోతే మరునాడు రెండింతలు తిప్పకండి, ఫోన్ చేసి అడగండి. త్వరగా అయిపోతుందని తొందరపడి ఎక్కువ తిప్పితే కొత్త ఎముక పుట్టకుండా ఖాళీ మిగులుతుంది. బిడ్డ ఏడుస్తోందని జాలిపడి మానేస్తే ఎముక ముందే అతుక్కుని, మళ్ళీ థియేటర్‌కు తీసుకెళ్ళవలసి వస్తుంది.

ఫ్రేమ్ ఎన్నాళ్ళు ఉంచాలి అన్నది అందరూ అడిగేదే. ఒక సెంటీమీటరు పొడుగు పెంచితే, ఎముక గట్టిపడే సమయంతో కలిపి సుమారు నెల నుండి నెలన్నర పడుతుందని లెక్క వేసుకోండి. నాలుగు సెంటీమీటర్లంటే సగం బడి సంవత్సరం. బడిలో ముందే మాట్లాడండి. ఫ్రేమ్‌తో నడవవచ్చు, చాలామందిని నడవమనే చెబుతారు. ఫ్రేమ్ పట్టే వెడల్పాటి పైజమాలు, లంగాలు కుట్టించుకుంటే బిడ్డ బయటికి రావడానికి సిగ్గుపడదు.

ఎదిగే పిల్లల్లో కాలమే మందు

ఈ వ్యాసంలో ఒక్క భాగమే గుర్తుంచుకుంటే చాలనుకుంటే, అది ఇదే. బిడ్డ ఇంకా ఎదుగుతుంటే చాలా వంకరలకు ఎముక కోయనే అక్కర్లేదు. ఎముక చివర ఎదిగే భాగం మీద, వంకరకు ఎదురు వైపున, రెండు స్క్రూలతో ఒక చిన్న ప్లేటు బిగిస్తారు. మోకాళ్ళు తగిలే బిడ్డకు లోపలి వైపున పెడతారు. ఆ వైపు ఎదుగుదల నెమ్మదించి, రెండో వైపు ఎదుగుతూ, కాలు దానంతటదే నిటారుగా వస్తుంది. సుమారు ఏడాది, కొందరికి ఇంకా ఎక్కువ పడుతుంది. కోత చిన్నది, ఫ్రేమ్ ఉండదు, కొద్దిరోజుల్లో బడికి వెళ్ళవచ్చు.

కానీ ఇది ఎదుగుదల మిగిలి ఉంటేనే పనిచేస్తుంది. ఆడపిల్లల్లో సుమారు పద్నాలుగేళ్ళకు, మగపిల్లల్లో పదహారేళ్ళకు మోకాలి దగ్గర ఎదుగుదల దాదాపు ఆగిపోతుంది. అరచేతి ఎక్స్‌రే తీసి ఎముకల వయసు చూసి, ఎంత ఎదుగుదల మిగిలింది, వంకర సరి కావడానికి అది చాలుతుందా అని లెక్క వేస్తారు. పదకొండేళ్ళ పాపను తీసుకొచ్చి, "పదో తరగతి అయ్యాక చేయిద్దాం" అని వెళ్ళిపోతే, మళ్ళీ వచ్చేసరికి ప్లేటు పని దాటిపోయి ఎముక కోసే ఆపరేషనే మిగులుతుంది. ఆడపిల్లల విషయంలో ఈ వాయిదాలు మరీ ఎక్కువ. "ఆపరేషన్ అయిందని తెలిస్తే సంబంధాలు రావు" అంటారు. రెండు సెంటీమీటర్ల కోత మచ్చ దాచడం కోసం బిడ్డను పెద్ద ఆపరేషన్‌కు అప్పజెప్పడం న్యాయమా?

ప్లేటు వేయించుకున్న పిల్లల తల్లిదండ్రులకు ఇంకో హెచ్చరిక. కాలు తిన్నగా అయిందని సంతోషపడి చెకప్‌కు రావడం మానేయకండి. ప్లేటుకు ఎక్కడ ఆగాలో తెలియదు. తీయకపోతే కాలు రెండో వైపుకు వంగడం మొదలవుతుంది. మూడు, నాలుగు నెలలకొకసారి పిలిచేది అందుకే. ఇల్లు మారినా, పని కోసం ఊరు మారినా ప్లేటు సంగతి కొత్త డాక్టరుకు చెప్పాలి. డిశ్చార్జి కాగితాన్ని రేషన్ కార్డుతో పాటు దాచండి.

కంప్యూటర్‌కు తెలియనివి

కంప్యూటర్ ఎముకను చూస్తుంది. కండరం ఎంత లాగుతుందో, నరం ఎంత ఓర్చుకుంటుందో, ఎముక ఎప్పుడు అతుక్కుంటుందో దానికి తెలియదు. మనం ఇచ్చిన కొలత తప్పయితే అది తప్పు జవాబునే ఎంతో నమ్మకంగా ఇస్తుంది. అందుకే మధ్యమధ్యలో ఎక్స్‌రే తీసి, అవసరమైతే కొత్త పట్టిక ఇస్తారు. "మొదటి పట్టిక తప్పా?" అని కంగారుపడకండి. దారిలో సరిచూసుకోవడం కూడా ప్లానింగులో భాగమే.

ఇంటి దగ్గర కనిపెట్టవలసింది మీరు. పాదం తిమ్మిరెక్కినా, వేళ్ళు గానీ పాదం గానీ పైకి ఎత్తలేకపోయినా, తిప్పడం ఆపి వెంటనే ఫోన్ చేయండి. మందు వేసినా తగ్గకుండా నొప్పి పెరుగుతూ, పిక్క రాయిలా గట్టిపడి, కాలి వేళ్ళు కదిపితే బిడ్డ కేక పెడితే రాత్రయినా సరే తీసుకొచ్చేయండి, తెల్లారే దాకా ఆగకండి. తీగలు చర్మంలోకి దిగే చోట కొద్దిగా తడి ఉండడం మామూలే. ఎర్రబడి, వాచి, చీము వస్తే, జ్వరం ఉంటే చూపించాలి. సిస్టర్‌గారు చూపించిన విధంగానే శుభ్రం చేయండి. పసుపు, ఆకుపసరు, కొబ్బరినూనె రాయవద్దు. పెద్దవారు రోగి అయితే బీడీ, సిగరెట్టు, గుట్కా మానాలి. పొగాకు వల్ల ఎముక అతుక్కోవడం ఆలస్యమవుతుంది. బీడీ మానని కాలికి ఎంత మంచి ప్లాను వేసినా ప్రయోజనం తక్కువ.

ఖర్చు సంగతి దాచుకోకుండా మాట్లాడండి. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీలో, తెలంగాణలో 2023 డిసెంబరులో కుటుంబానికి ఏడాదికి 10 లక్షల రూపాయల వరకు పరిమితి పెంచారు. మీ బిడ్డకు చెప్పిన ఆపరేషన్ అందులో వస్తుందా, ఫ్రేమ్, స్కాన్ కూడా వస్తాయా అని ఆరోగ్యమిత్రను ముందే అడగండి. కంపెనీ ఉద్యోగులు ఈఎస్ఐ కార్డు తెచ్చుకోవాలి. ఫ్రేమ్ తీసే ఆపరేషన్, నెలనెలా ఎక్స్‌రేలు, వచ్చిపోయే బస్సు చార్జీలు, మీ కూలి నష్టం కూడా లెక్కలో వేసుకోండి. సగం దారిలో డబ్బు చాలక ఆగిపోవడం అన్నిటికంటే నష్టం.

ఒప్పుకోలు కాగితం మీద సంతకం పెట్టేముందు, డాక్టరుగారిని కంప్యూటర్‌లో ప్లాను చూపించమని అడగండి. ఇప్పుడు గీత ఎక్కడ పడుతోంది, ఆపరేషన్ తరువాత ఎక్కడ పడుతుంది, ఎన్ని డిగ్రీలు, ఎన్ని సెంటీమీటర్లు, ఒకేసారా మెల్లగానా అన్నది తెర మీద చూస్తే మీకే అర్థమవుతుంది. బిడ్డకు పదేళ్ళు దాటి ఉంటే వాళ్ళకు కూడా చూపించండి, కాలు వాళ్ళది. ఆపరేషన్ ముందు రోజు సాయంత్రం మా చాప్లిన్ గారు వార్డుకు వస్తారు. ఏ మతంవారైనా ప్రార్థన చేయమని అడగవచ్చు. వద్దన్నా ఏమీ అనుకోరు, కాసేపు కూర్చుని మాట్లాడి వెళతారు.

ప్లానింగ్‌కు వచ్చే రోజున పాత ఎక్స్‌రేలన్నీ, మొదటిసారి విరిగినప్పటివి దొరికితే అవి కూడా తీసుకురండి. చుట్టకండి, మడవకండి, గడ్డి వామి మీదో రేకుల కింద వేడిలోనో పెట్టినవైనా సరే పారేయకండి. వంకర ఎప్పుడు మొదలై ఎంత వేగంగా పెరిగిందో అవే చెబుతాయి. బిడ్డకు మోకాలి పైదాకా పైకి మడవగలిగే వదులు బట్టలు వేయండి. పట్టీలు, మొలతాడు ముందే తీసేయండి. నిలబడలేని బిడ్డ అయితే అపాయింట్‌మెంటు తీసుకునేటప్పుడే ఆ మాట చెప్పండి, ఎక్స్‌రే గదిలో పట్టుకోవడానికి ఏర్పాటు చేస్తారు.